కూర్చున్న దిష్టిబొమ్మ

మా బావమరిది పార్టీ మారిన సంగతి అందరికంటే ముందు తెలిసింది మా కొట్లోని కుర్చీలకు. నాది కుర్చీలూ షామియానాలూ అద్దెకిచ్చే కొట్టు. పొద్దున పాత పార్టీ సభ కోసమని మైదానానికి తూర్పువైపు వేయించిన కుర్చీలను, మావాడు భోజనాల వేళకు ఎత్తించి పడమటివైపు కొత్త పార్టీ సభలో వేయించాడు. మోసే మనుషులు చెమటలు తుడుచుకుంటూ, "ఇంతకీ ఈ కుర్చీలది ఏ పార్టీ?" అని నన్నడిగారు. "ఎవడు కూర్చుంటే వాడిది," అన్నాను. కుర్చీకి అంతకంటే సిద్ధాంతం అక్కర్లేదు. మా బావమరిదికీ అక్కర్లేదు.

బావమరిది అంటే మా ఆవిడకు ఒక్కగానొక్క తమ్ముడు. ఊరికి నాయకుడు. ఏ పార్టీ నాయకుడని మాత్రం అడక్కండి, జవాబు చెప్పేలోపు పాతబడిపోతుంది. వాడి బీరువా తెరిస్తే కండువాలే కండువాలు. ఒకసారి వానాకాలంలో ఇంద్రధనుస్సు సరిగ్గా పొడవక, ఆకాశం వాడి కిటికీ దగ్గరికొచ్చి ఒక రంగు బదులు అడిగిందని మా వీధిలో చెప్పుకుంటారు. ఇంకోసారి సభకు వెళ్ళే ముందు కరెంటు పోయిందట. చీకట్లో చేతికందిన కండువా వేసుకుని వెళ్ళాడట. అక్కడివాళ్ళు చప్పట్లు కొట్టారు కాబట్టి అదే తన పార్టీ అనుకుని రెండేళ్ళు ఉండిపోయాడట. ఇందులో నేను కలిపింది ఉప్పంత. కూరంతా వాడు వండిందే.

ఈసారి ఎన్నికలు నెత్తిమీదకొచ్చాక మారాడు. మారిన మర్నాడు సాయంత్రం మా ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే కూలబడ్డాడు. ముఖం మాడిన పెనంలా ఉంది.

"బావా, ఊళ్ళో ఏమనుకుంటున్నారు?"

"దేని గురించి?"

"అదేంటి బావా! నేను మారడం గురించి!"

"ఏం మారావురా? కొంచెం ఒళ్ళు చేశావు, అంతే."

మా ఆవిడ వంటింట్లోంచే నవ్వింది. వాడు నవ్వలేదు. నవ్వకపోగా కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పనిచేశాడు. అప్పుడు అసలు సంగతి బయటపడింది.

కొత్త పార్టీ పెద్దాయన వీణ్ణి లోపలికి పిలిచి తలుపు వేశాడట. "చూడు బాబూ," అన్నాడట, "ఇంట్లో మనిషి లేచిపోతే ఇంటివాళ్ళు గోల పెట్టాలి. బిందె పోయినా వీధంతా వినబడేలా తిడతారు. నువ్వు పాత పార్టీ వదిలొచ్చి రోజు గడిచింది, ఎవడూ నిన్ను ఒక్క తిట్టు తిట్టలేదు. అంటే నీ వెనక ఎవడూ లేడనేగా? ఆదివారం మా పరిశీలకుడు మీ ఊరొస్తాడు. నువ్వు వెళ్ళిపోయావని జనం మండిపడుతూ కనబడితే టికెట్ నీది. కనబడలేదా, మీ ఊళ్ళో సిమెంటు కొట్టాయన ఉన్నాడు చూడు, ఆయనది."

"అదీ బావా సంగతి," అన్నాడు మావాడు. "నాకు జనం కోపం కావాలి. ఆదివారానికల్లా."

నా ఇన్నేళ్ళ వయసులో జనం ప్రేమ కోసం ఏడ్చిన నాయకుల్ని చూశాను, ఓటు కోసం కాళ్ళు పట్టుకున్నవాళ్ళను చూశాను. తిట్టండి బాబో అని దేబిరించినవాణ్ణి చూడటం అదే మొదలు.

"మీ పాత పార్టీవాళ్ళనే అడగలేకపోయావా? వాళ్ళకైనా మండుతుందిగా?"

"అడిగాను బావా. మనిషిని పంపి అడిగించాను. 'పీడ వదిలిందని పండగ చేసుకుందామంటేనే తీరిక లేదు, ఇంక కోపం ఒకటా' అన్నారు."

సరే, పాపం అనిపించి మర్నాడు పొద్దున్నే వాణ్ణి వెంటబెట్టుకుని వీధిలోకి బయల్దేరాను, ఎక్కడైనా కాస్త కోపం దొరుకుతుందేమోనని. ముందు క్షవరం కొట్టుకు వెళ్ళాం. ఊళ్ళో ఏ మంటైనా అక్కడే రాజుకుంటుంది. మావాడు కుర్చీలో కూర్చుని, అద్దంలో క్షురకుడి కళ్ళలోకి సూటిగా చూశాడు.

"నేను పార్టీ మారాను."

"తల కొంచెం వంచండి సార్."

"పార్టీ మారానయ్యా! వేరే పార్టీలోకి!"

"తల వంచండి సార్, చెవి తెగుతుంది."

"నీకేమీ అనిపించలేదా?"

క్షురకుడు కత్తెర ఆపి ఆలోచించాడు. "మొన్న చెప్పారుగా సార్, విన్నాను."

"అది కిందటిసారి! ఇది మళ్ళీ!"

"ఓహో, మళ్ళీనా," అన్నాడతను, చెవి వెనక వెంట్రుకలు ఊదుతూ. "మీసం కూడా మార్చమంటారా?"

అక్కణ్ణుంచి కూడలికి వచ్చాం. అక్కడ మా కొట్టుకు ఎదురుగా కూరగాయలు అమ్మే ఆవిడ కూర్చుంటుంది. నోరు పెద్దది. ఆవిడ తిడితే టమాటాలు మరింత ఎర్రబడతాయి. ఈవిడ దగ్గర తప్పకుండా పని జరుగుతుందనుకున్నాను. ఆవిడ కొట్టు ముందు మురుగుకాలువ పూడిపోయి చాలాకాలమైంది. మావాడు గెలిచిన ప్రతిసారీ దాన్ని బాగుచేయిస్తానన్నాడు. ఓడిన ప్రతిసారీ గెలిచుంటే చేయించేవాణ్ణన్నాడు.

"అమ్మా, నేను పార్టీ మారాను," అన్నాడు చేతులు కట్టుకుని.

"మారితే మారావులే నాయనా. ఆ కాలువ మారిందా? తప్పుకో, ఎండ తగలాలి వంకాయలకి."

చెయ్యి విదిలించింది, అంతే. ఒక్క శాపనార్థం లేదు. మావాడి మొహం చూస్తే వంకాయలే నయం.

ఇంటికొచ్చాక మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, "ఏరా, అంత సరదాగా ఉంటే నీ దిష్టిబొమ్మ నువ్వే కాల్పించుకోరాదూ, ముచ్చట తీరుతుంది," అంది. వెటకారానికి అంది. మావాడు ముద్ద నోటి దగ్గర ఆపేశాడు.

"అక్కా! నీ నోట్లో పంచదార పొయ్య!"

"ఒరే, నేను ఎగతాళికి అన్నాన్రా!"

అప్పటికే వాడు చెయ్యి కడుక్కుని వీధిలో ఉన్నాడు.

మా ఊళ్ళో దిష్టిబొమ్మలు కట్టేది పరుపులాయన. పగలంతా దూది ఏకి పరుపులు, దిళ్ళు కుడతాడు. ఎవడికైనా ఎవడి మీదైనా కోపం వస్తే, పాత గోనెలో గడ్డి కుక్కి, పైన కుండ బోర్లించి ఇస్తాడు. అందరికీ అదే గడ్డి, అదే కుండ. కింద పేరు రాస్తేగాని ఎవరి బొమ్మో ఎవరికీ తెలియదు. ఒకసారి పేరు రాయడం మర్చిపోతే రెండు పార్టీలవాళ్ళూ కలిసి కాల్చుకున్నారు. ఊళ్ళో ఆ పార్టీలు ఒక్కమాట మీద ఉన్నది ఆ ఒక్కరోజే.

మావాడు మాత్రం మామూలు బొమ్మకు ఒప్పుకోలేదు. "నాకు గడ్డి పెట్టకు. పరిశీలకుడు చూస్తాడు, ఫొటోలు తీస్తారు. చూడగానే నేనేనని తెలియాలి. మంచి దూది పెట్టు. పొట్ట సహజంగా రావాలి."

"అయితే కొలతలు కావాలయ్యా," అన్నాడు పరుపులాయన. బతుకంతా గడ్డి కుక్కినవాడికి మొదటిసారి పనితనం చూపించమన్న గిరాకీ తగిలింది. మనిషి పొంగిపోయాడు. టేపు పట్టుకుని మా కొట్టుకే వచ్చాడు.

మావాడు నా కుర్చీలో కూర్చుని ఫోన్ మాట్లాడుతున్నాడు.

"కొంచెం లేచి నిలబడతారా అయ్యా?"

"ఒక్క నిమిషం."

ఆ నిమిషం పొద్దుగూకేదాకా సాగింది. ఒక ఫోన్ అయితే ఇంకోటి. పాపం పరుపులాయనకు మనుషుల కొలతలు ఎలా తీస్తారో తెలియదు, తెలిసిందల్లా సోఫాల కొలతలు. వాడు లేవడేమోనని, ఉన్నవాణ్ణి ఉన్నట్టే కొలుచుకున్నాడు. వీపు ఇంత, సీటు ఇంత, చెయ్యి ఇంత, మోకాలి మడత ఇంత. వెళ్ళిపోయాడు.

మా ఆవిడ దగ్గరికి చొక్కా కోసం వచ్చాడు మావాడు. వాళ్ళింట్లో చెబితే పెళ్ళాం తంతుందని, అక్క దాచిపెట్టిన తన పాత బట్టలడిగాడు.

"ఈ చిరిగింది తీసుకెళ్ళు. ఎలాగూ తగలడేదేగా," అంది మా ఆవిడ.

"అబ్బా, ఇస్త్రీ చేసింది లేదా అక్కా? ఫొటోలో పడుతుంది."

"కాలిపోయే చొక్కాకి ఇస్త్రీ ఎందుకురా?"

"ముందు ఫొటో, తర్వాత కాలడం."

మా ఆవిడ వాడికేసి చూసి, ఇస్త్రీపెట్టె వేడిచేసింది. చిన్నప్పుడు బడికి పంపేటప్పుడు ఎలా చేసేదో అలాగే, కాలరు కింద వేలు పెట్టి లాగి మరీ చేసింది.

రెండు రోజులకు బొమ్మ తయారైంది. నిజం చెప్పొద్దూ, అది చూసి నేనే లేచి నిలబడి దణ్ణం పెట్టబోయాను. పొట్ట అచ్చం అదే. బుగ్గలు అవే. ముఖానికి నమూనాగా మావాడు తన మంచి ఫొటో ఇచ్చాడు, ఎన్నికల పోస్టర్ల మీదది, చేతులు జోడించి చిరునవ్వు నవ్వేది. కాబట్టి బొమ్మ కూడా చేతులు జోడించి నవ్వుతోంది. ఒకే ఒక్క చిక్కు, అది నిలబడదు. సోఫా కొలతలతో కుట్టాడేమో, కూర్చుని పుట్టింది. కర్రకు కట్టి ఊరేగిద్దామంటే మడతలు విప్పుకోదు.

"ఏం చేద్దాం అన్నా?" అన్నాడు పరుపులాయన దిగులుగా.

"చేసేదేముంది, కుర్చీ వేద్దాం," అన్నాను.

శుక్రవారం పొద్దున్నే కూడలి మధ్యలో నా ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వేసి, బొమ్మను కూర్చోబెట్టాం. పక్కన కిరసనాయిలు సీసా పెట్టాం. "మిగతాది జనం చూసుకుంటారు బావా," అని మావాడు సందులో కారులో దాక్కున్నాడు. నేను ఎదురుగా నా కొట్లో కూర్చున్నాను, చూద్దాం ఈ జనం ఏం చేస్తారోనని.

మొదట వచ్చింది కూరగాయలావిడే. బుట్ట దించి, బొమ్మను చూసి, కొంగు దులిపి నడుముకు దోపుకుంది.

"దొరికావా నాయనా! ఇవాళ నువ్వు కదలకూడదు. నేను చెప్పేదాకా కదలకూడదు."

బొమ్మ కదలలేదు.

కాలువ సంగతి మొదలుపెట్టింది. వాసన సంగతి, దోమల సంగతి, కొనేవాళ్ళు ముక్కు మూసుకుని ధర కూడా అడక్కుండా పోయే సంగతి. చెబుతూ చెబుతూ ఉంటే, ఆవిడ గొంతు తగ్గుతూ వచ్చింది. మొదట ఊరంతా వినబడింది, తర్వాత నాకు మాత్రమే వినబడింది, ఆ తర్వాత నాకూ వినబడలేదు. చివరికి ఏదో అనుమానం వచ్చి నా వైపు తిరిగింది.

"బాబాయ్, ఈయన ఫోన్ ఒక్కసారీ మోగలేదేంటి?"

"అది బొమ్మ తల్లీ. కాల్చడానికి పెట్టాం."

ఆవిడ వెళ్ళి బుగ్గ నొక్కి చూసింది. ఒక్కక్షణం ఆలోచించింది. "అయితే ఏంలే. ఇంకా సగం ఉంది," అని మళ్ళీ కూర్చుని మిగతాది చెప్పింది.

మధ్యాహ్నానికి ఇద్దరు ముగ్గురయ్యారు. సాయంత్రానికి క్యూ కట్టారు. పింఛను ఆగిపోయిన ముసలాయన వచ్చాడు. బడి కప్పు కారుతోందని పంతులమ్మ వచ్చింది. ఒకడు వచ్చి తన అత్తగారి గురించి చెప్పుకుని తేలికపడి వెళ్ళాడు, అది ఏ పార్టీ పరిధిలోకీ రాదు పాపం. ఎవరూ కసురుకునేవాళ్ళు లేరు. 'తర్వాత రా' లేదు, 'పైవాళ్ళతో మాట్లాడతాను' లేదు. చేతులు జోడించి నవ్వుతూ వినడమే.

"నేను చెబుతుంటే తల ఊపాడండీ!" అంది పంతులమ్మ.

"గాలికమ్మా," అన్నాను.

"అసలాయన గాలికైనా ఊపలేదండి ఎప్పుడూ," అంది.

కిరసనాయిలు సీసాను టీ కొట్టువాడు స్టవ్వు కోసమని పట్టుకుపోయాడు. మబ్బు పట్టేసరికి జనమే వచ్చి షామియానా వేయమన్నారు. వేశాను. శనివారం నాటికి ఇంకో వింత జరిగింది. క్యూ బాగా పొడవై కాలువ పక్కదాకా పోయింది. నిలబడి నిలబడి ఆ కంపు భరించలేక, క్యూలోవాళ్ళే పారలు తెచ్చి పూడిక తీసేశారు. నీళ్ళు గలగలా పారాయి. కూరగాయలావిడ పరుగెత్తుకెళ్ళి బొమ్మ మోకాళ్ళు పట్టుకుంది. "చెప్పిన మర్నాడే చేయించావు నాయనా! చల్లగా ఉండు!" అంది. పారలు పట్టినవాళ్ళు కూడా అవునన్నారు. బొమ్మ వచ్చాకే పని జరిగిందన్నారు. మీరే చేశారయ్యా అని నేను చెప్పబోతే, నువ్వు ఏ పార్టీ అని అడిగారు. నోరు మూసుకున్నాను.

సందులో కారులో కూర్చున్న మావాడికి కాళ్ళు తిమ్మిరెక్కాయి. శనివారం సాయంత్రం తలకు తువ్వాలు చుట్టుకుని, అగ్గిపెట్టె పట్టుకుని కూడలిలోకి వచ్చాడు.

"ఇంకా కాలలేదేంటి బావా? ఇంతమంది ఉన్నారుగా! దేనికి క్యూ?"

"చెప్పుకోవడానికి."

"ఎవరికి?"

"నీకే. అంటే, దానికి."

వాడు బొమ్మ వైపు నాలుగడుగులు వేశాడో లేదో, క్యూ అంతా ఒక్క గొంతుతో అరిచింది. "ఏయ్ పెద్దమనిషీ! మేం కనబడటం లేదా? క్యూలో రా!"

"నేనెవరో తెలుసా?" అన్నాడు వాడు తువ్వాలు తీసి.

అందరూ చూశారు. ముసలాయన కళ్ళజోడు పైకి నెట్టి, ఇటు వాణ్ణీ అటు బొమ్మనూ మార్చి మార్చి చూశాడు. "పోలిక ఉంది," అన్నాడు. "చుట్టమేమో. అయినా క్యూలోనే రావాలి."

ఆ రాత్రి మావాడు మా ఇంట్లో అన్నం ముట్టలేదు. మా ఆవిడ పక్కన కూర్చుని, "ఎందుకురా ఈ తిప్పలు? ఆ టికెట్ లేకపోతే బతకలేవా?" అంది.

"బతుకుతాను అక్కా. కానీ సిమెంటు కొట్టువాడు గెలిచి, వాడి కారు మన వీధిలోంచి వెళుతుంటే నేను అరుగు మీద కూర్చుని చూడాలి. అది చాలు నేను చావడానికి."

మా ఆవిడ వాడి కంచం మీద మూత పెట్టింది.

ఆదివారం పరిశీలకుడు వచ్చాడు. నల్లకళ్ళజోడు, చేతిలో రెండు ఫోన్లు, మాట్లాడితే పళ్ళు ఊడిపోతాయేమో అన్నంత పొదుపు. కూడలిలో ఇసుకేస్తే రాలనంత జనం. మావాడు ఎదురెళ్ళి, "చూశారా సార్, నేను వెళ్ళిపోయానని ఎంతమంది వచ్చారో!" అన్నాడు.

పరిశీలకుడు జనాన్ని చూశాడు. బొమ్మను చూశాడు. క్యూ చివరిదాకా నడిచి, వెనక్కి నడిచి వచ్చాడు.

"వీళ్ళు నీ కోసం రాలేదు," అన్నాడు.

పరిశీలకుడు పెద్దాయనకు ఫోన్ చేశాడు. నేను పక్కనే కుర్చీలు సర్దుతున్నట్టు నటిస్తూ విన్నాను.

"సార్, ఇక్కడ ఇద్దరున్నారు. ఒకడు మాట్లాడతాడు, ఒకడు మాట్లాడడు. జనమంతా మాట్లాడనివాడి వైపున్నారు... లేదు సార్, బొమ్మ... అవును సార్, దూది... కాలువ కూడా బాగుచేయించాడట."

అవతల పెద్దాయన ఏమన్నాడో గాని, పరిశీలకుడు మావాడి వైపు తిరిగాడు. "జనం ఎటుంటే మనం అటు. ఆ బొమ్మ మన పార్టీలో చేరితే టికెట్ నీది. అందరి ముందూ కండువా కప్పు. ఇప్పుడే."

దూదిబొమ్మ పార్టీలో చేరడమేమిటని మీరు నవ్వొచ్చు. నేను ఇంతకంటే మెత్తటివాళ్ళు చేరగా చూశాను.

మావాడు కొత్త పార్టీ కండువా తీసుకుని, షామియానా కిందికి వెళ్ళాడు. ఈసారి పక్కన పరిశీలకుడున్నాడు కాబట్టి ఎవరూ క్యూలో రమ్మనలేదు. బొమ్మ ముందు ఆ సమయానికి కూరగాయలావిడే కూర్చుని ఉంది. కాలువ అయిపోయింది కాబట్టి, ఆవిడ ఆ రోజు తన కూతురి సంగతేదో చెబుతోంది. మాట మధ్యలో ఉంది. మావాడు ఆవిడ తలమీదుగా వంగి, బొమ్మ భుజాల చుట్టూ కండువా కప్పి, రెండు చివర్లూ ముందుకు లాగి సర్దాడు. ఫోటోగ్రాఫర్ల వైపు తిరిగి నవ్వాడు. బొమ్మ ఎలాగూ నవ్వుతూనే ఉంది. ఇద్దరూ చేతులు జోడించారు.



కూరగాయలావిడ నెమ్మదిగా తలెత్తి బొమ్మను చూసింది. మావాడి వైపు చూడనేలేదు.

"నువ్వు కూడానా నాయనా?" అంది.

ఆ గొంతు ఎలా ఉందో నాకు రాయడం చేతకాదు. ఎన్నిసార్లో ఎవరెవరో మారితే దులుపుకుని పోయిన మనిషి. బొమ్మ భుజం మీది కండువా అంచు పట్టుకుని, అది నిజమో కాదో అన్నట్టు వేళ్ళతో నలిపింది.

"ఒక్కడివైనా ఉన్న చోట ఉంటావనుకున్నాం కదయ్యా!" అన్నాడు పింఛను ముసలాయన.

"ఇంట్లో చెప్పుకోలేనివి కూడా చెప్పుకున్నాను నీకు!" అని అరిచాడు అత్తగారి తాలూకు అల్లుడు.

ఇంక ఆగలేదు. నోళ్ళు లేచాయి. టీ కొట్టువాడు స్టవ్వు పక్కనున్న కిరసనాయిలు సీసా పట్టుకొచ్చాడు. ఎవరు ముట్టించారో చూడలేదు. చాలామందే ముట్టించి ఉంటారు. ముందు ఇస్త్రీ చొక్కా అంటుకుంది, తర్వాత దూది రగిలింది. మంచి దూది కదా, భగ్గున మండి పోలేదు. లోపల్లోపలే రగులుతూ, పొగ కక్కుతూ, చిరునవ్వు చెదరకుండా చాలాసేపు కాలింది. నా కుర్చీ కరిగి దాని కిందే ముద్దయింది. పంతులమ్మ ముక్కు చీదుకుంటూ అవతలికి తిరిగింది. పరుపులాయన నా భుజం మీద తల పెట్టుకుని ఏడ్చాడు. "అలాంటి పొట్ట మళ్ళీ రాదు అన్నా," అన్నాడు.

మావాడు మాత్రం ఆనందం పట్టలేక నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

"బావా, చూశావా! కాలుస్తున్నారు! నన్ను కాలుస్తున్నారు బావా! ఎంత కోపం! ఎంత కోపం!"

పరిశీలకుడు ఒక ఫోన్‌లో వీడియో తీస్తూ, ఇంకో ఫోన్‌లో పెద్దాయనకు చెబుతున్నాడు. "మహా మంట సార్. ఇంతమంది కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేనెక్కడా చూడలేదు. సిమెంటాయనకు వద్దని చెప్పేయండి."

అలా మావాడికి టికెట్ వచ్చింది.

మర్నాడు పొద్దున్నే మెడలో దండ కూడా తీయకుండా మా కొట్టుకొచ్చాడు. "బావా, ఒక కుర్చీ ఇయ్యి. కూడలిలో వెయ్యి. నిన్న బొమ్మ ఉన్నచోటే. ఇకనుంచి నేనే రోజూ అక్కడ కూర్చుని వింటాను. జనానికి ఏం కావాలో నాకు తెలిసిపోయింది."

"ఫోన్?"

"ఇదిగో, నీ దగ్గరే ఉంచు."

ఫోన్ నా చేతిలో పెట్టాడు. నేను నమ్మలేదు గాని కుర్చీ వేశాను. నేలమీద నల్లటి మరక ఇంకా ఉంది. వాడు దానిమీదే కూర్చుని, చేతులు జోడించి, పోస్టర్లో నవ్వినట్టే నవ్వాడు. చెప్పొద్దూ, మొదటిసారి మనిషిలా కనబడ్డాడు. పక్కనే మా ఆవిడ కూడా వచ్చి నిలబడింది, తమ్ముడు ఎంతసేపు కూర్చుంటాడో చూద్దామని.

కూడలిలోకి అలవాటు కొద్దీ ఒక్కొక్కరే వస్తున్నారు. వచ్చి, మరక దగ్గర ఆగి, ఏం చేయాలో తెలియనట్టు నిలబడుతున్నారు. దూరం నుంచి కుర్చీ, చిరునవ్వు కనబడగానే కూరగాయలావిడ బుట్ట కింద పడేసి పరుగున వచ్చింది. ఆవిడ వెనక మరో నలుగురు.

"చెప్పమ్మా," అన్నాడు మావాడు మెత్తగా. "వింటాను."

ఆ మాటతో ఆవిడ నడక సగంలో ఆగిపోయింది. దగ్గరికొచ్చి వాడి భుజాన్ని వేలితో ఒకసారి పొడిచి చూసింది. వెనకవాళ్ళ వైపు తిరిగి చెయ్యి ఊపింది.

"అసలాయనే. పదండి."